1991లో పీవీ ప్రభుత్వం సంస్కరణలను ఎందుకంత గుట్టుగా చేసింది? లోపల ఏం వాదించుకున్నారు?

మీరు అడిగింది రెండు ముక్కలు. ఆ జులైలో ఢిల్లీలో పెద్దలు తలుపులేసుకుని ఏం మాట్లాడుకున్నారన్నది ఒకటి. జనానికి ముందే చెప్పి చేసి ఉంటే బాగుండేది కదా అన్నది రెండోది. అప్పట్లో నేను గుంటూరులో ఒక బ్యాంకు ఫారిన్ ఎక్స్ఛేంజ్ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. ఢిల్లీ సంగతులు ఆ గదుల్లో ఉన్నవాళ్లు తర్వాత రాసుకున్న జ్ఞాపకాల వల్ల, ఇచ్చిన ఇంటర్వ్యూల వల్ల తెలిసినవి. గుంటూరు సంగతులు నేను చూసినవి.

నా మటుకు నాకు, రూపాయి విలువ తగ్గించే విషయంలో గుట్టు తప్పదు, వేరే దారి లేదు. ఎరువుల ధర పెంచే విషయంలో ఆ గుట్టు అక్కర్లేదు, పైగా దెబ్బతీసింది. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే ఈ చర్చ ఎప్పుడూ తెగదు.

ముందు పరిస్థితి చెబుతాను. 1991 జూన్ 21న పీవీ ప్రమాణ స్వీకారం చేసేనాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత. అంతకుముందే మే నెలలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా, 20 టన్నుల బంగారం స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ వెళ్లింది. మా కౌంటర్ దగ్గర ఇదంతా ఇంకో రకంగా కనిపించేది. దిగుమతికి ఎల్సీ, అంటే సరుకు డబ్బుకి బ్యాంకు హామీ పత్రం, తెరవాలంటే క్యాష్ మార్జిన్ 200 శాతం కట్టాలి. అంటే వంద రూపాయల సరుకుకి రెండొందలు ముందే బ్యాంకులో పెట్టాలి. చిన్న చిన్న దిగుమతిదారులు ఆ మాట వినగానే ఫారం వెనక్కిచ్చి వెళ్లిపోయేవాళ్లు.

రూపాయి విలువ తగ్గించక తప్పదని ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్‌కి మొదట్నుంచీ తెలుసు. అందరూ ఆయన వైపే ఉన్నారనుకోకండి. అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు దీపక్ నయ్యర్‌కే ఇది ఇష్టం లేదు. పీవీకి ఉన్న భయం వేరు. 1966 జూన్‌లో ఇందిరా గాంధీ డాలరును 4.76 నుంచి 7.50 రూపాయలకు మార్చినప్పుడు సొంత పార్టీయే ఆమె మీద విరుచుకుపడింది. పార్టీ అధ్యక్షుడు కామరాజ్‌కి కూడా ముందు చెప్పలేదన్న కోపం చాలాకాలం నడిచింది. పాతికేళ్లయినా ఆ దెబ్బ కాంగ్రెస్ వాళ్లెవరూ మర్చిపోలేదు. దానికితోడు పీవీది మైనారిటీ ప్రభుత్వం, విశ్వాస పరీక్ష జులై 15న. దానికి ముందే ఈ పని చెయ్యాలి.

అందుకే రెండు విడతలు పెట్టుకున్నారు. మొదట కాస్త తగ్గించి మార్కెట్ ఏమంటుందో చూద్దాం, తర్వాత ఇంకాస్త. రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్ సి.రంగరాజన్ చేతుల మీదుగా నడిచిందిది. తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరుగా వచ్చింది ఆయనే. ఈ వ్యవహారానికి వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పేరు 'హాప్, స్కిప్ అండ్ జంప్'.

జులై 1 సోమవారం మొదటి విడత పడింది. అప్పట్లో రిజర్వ్ బ్యాంకు రేటు పౌండ్లలో ప్రకటించేది, డాలరు రేటు దాన్నిబట్టి మాకు టెలెక్స్‌లో వచ్చేది. ఆ టెలెక్స్ కాగితం చింపి చేతిలో పెట్టుకుని మా ఆఫీసరు గారు అంకెలు తప్పుపడ్డాయేమోనని మళ్లీ కన్ఫర్మేషన్ అడిగించారు. అంకెలు సరైనవే. మర్నాడు మంగళవారం చూడాలి తమాషా. మిర్చి ఎగుమతి చేసే ఒకాయన, ఆ రోజు డాలరు రేటుకి రూపాయలు చేసుకుందామని, బిల్లులన్నీ కట్టగట్టి తెచ్చారు. కౌంటర్ మీద పెట్టారు. రేటు అడిగారు. విని, ఆ కట్ట మళ్లీ సంచిలో పెట్టుకుంటూ "రెండు రోజులు చూద్దాం లెండి, తొందరేముంది" అన్నారు. ఆయనకి ఢిల్లీలో చుట్టాలెవరూ లేరు. ఒకసారి తగ్గించినవాళ్లు అక్కడితో ఆగరని వ్యాపారి బుర్రకి తట్టింది, అంతే. దిగుమతి వాళ్లేమో అదే రోజు ఫోన్ల మీద ఫోన్లు, మా బిల్లు ఈ రోజు రేటుకే కట్టేయండి అని ఒకటే టెన్షన్.

మీ ప్రశ్నకి జవాబు ఆ సంచిలోనే ఉంది. రూపాయి తగ్గిస్తామని ముందే చెబితే, లేదా క్యాబినెట్‌లో పదిమంది మధ్య పెట్టి నాన్చితే, ఎగుమతిదారులంతా డాలర్లు బయటే ఆపుకుంటారు, దిగుమతిదారులంతా ఉన్నవి ఎగబడి కొంటారు. ఉన్న ఆ కాస్త నిల్వ వారంలో ఆవిరి. అసలు ఆ జూన్ అంతా ఇలా జరుగుతూనే ఉంది. ఎవరూ నోరు విప్పకముందే జనం ఊహించేశారు. విషయం ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదన్నది రాజకీయ నాయకుల కుట్ర కాదు, ఆ పని స్వభావమే అంత.

మొదటి విడత తర్వాత పార్టీలోనూ బయటా గోల మొదలైంది. పీవీ మనసు మారింది. జులై 3 పొద్దున్నే మన్మోహన్‌కి చెప్పారు, రెండోది ఆపించండి అని. మన్మోహన్ రంగరాజన్‌కి ఫోన్ చేసేసరికి తొమ్మిదిన్నర. రిజర్వ్ బ్యాంకు ఆ పని తొమ్మిదింటికే చేసేసింది. మన్మోహన్‌కి లోపల సంతోషమే కలిగిందని తర్వాత తెలిసింది. ఒక అరగంట అటూ ఇటూ అయి ఉంటే ఏమయ్యేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. సగం తగ్గించి ఆపేసిన రూపాయిని ఎవరూ నమ్మరు. మా సంచి పెద్దమనిషి అయితే నెల్లాళ్లు బిల్లులు తెచ్చేవాడు కాదు. రెండు విడతలూ కలిపి డాలరు 21 రూపాయల చిల్లర నుంచి 26 దగ్గరికి వచ్చింది.

మా ఊళ్లో అందరూ పండగ చేసుకోలేదన్నది కూడా చెప్పాలి. గుంటూరు పొగాకులో చాలా భాగం అప్పుడు సోవియట్ యూనియన్‌కి వెళ్లేది, ఆ లెక్కలన్నీ రూపాయల్లోనే. వాళ్లకి డాలరు ఎంతైతే ఏంటి! పశ్చిమ దేశాలకి పంపేవాళ్లు మీసం మెలేస్తుంటే, పక్క గోడౌన్ వాళ్లు వాళ్లని చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత కొన్ని నెలలకి సోవియట్ యూనియనే లేకుండా పోయింది, అది ఇంకో కథ.

వాణిజ్య విధానం మీద వాదన ఇంకా రంజుగా జరిగింది. ఎగుమతిదారులకి ప్రభుత్వం నగదు పరిహారం ఇచ్చేది, సీసీఎస్ అనేవాళ్లం. రూపాయి తగ్గాక వాళ్లకి ఎలాగూ లాభమే కాబట్టి ఆ డబ్బు ఆపేద్దామని ఆర్థిక శాఖ. ఎగుమతుల బాధ్యత మోసే వాణిజ్య మంత్రి చిదంబరం దానికి వెంటనే ఎలా ఒప్పుకుంటారు? ఆయన దగ్గర కార్యదర్శి మాంటెక్ సింగ్ అహ్లూవాలియా ఒక బేరం కుదిర్చారు. పరిహారం పోతే పోనీ, బదులుగా దిగుమతి లైసెన్సుల చిక్కుముడి విప్పండి, ఎగుమతి విలువలో 30 శాతానికి ఎగ్జిమ్ స్క్రిప్‌లు, అంటే అమ్ముకోగలిగే దిగుమతి హక్కు పత్రాలు, ఇవ్వండి అని. పీవీ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన పెద్దగా ప్రశ్నలు వెయ్యలేదట. ఆర్థిక మంత్రి ఒప్పుకున్నారా అని అడిగి, ఆయన చేత సంతకం పెట్టించి, కింద తనూ పెట్టారు. జులై 4న ప్రకటన. నెలలు పట్టాల్సిన ఫైలు గంటల్లో తేలింది. నాకిందులో నచ్చేది ఆ సంతకం పెట్టించడమే. రేపు ఏదన్నా తేడా వస్తే నేను అనలేదనడానికి ఎవరికీ వీల్లేదు. ముప్పై ఏళ్లు ఆఫీసు నోట్లు రాసినవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు.

బంగారం సంగతి దాచాలనుకున్నా దాగలేదు. అదే జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువపెట్టి 40 కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చింది. విడతలుగా విమానాల్లో వెళ్తుండగానే ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేసింది. మా ఇంట్లో రూపాయి విలువ గురించి ఒక్కరూ అడగలేదు. "దేశం బంగారం తాకట్టు పెట్టారంటగా" అని మాత్రం మా అమ్మ నుంచి పాలు పోసే ఆవిడ దాకా అందరూ అడిగారు. కొన్ని నెలల్లోనే విడిపించారన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికీ గుర్తుండదు.

పారిశ్రామిక విధానం క్యాబినెట్‌లో పెట్టినప్పుడు సీనియర్ మంత్రులు అడ్డం తిరిగారు. నెహ్రూ దారి వదిలేస్తున్నామా అన్నది వాళ్ల బాధ. పీవీ ఏం చేశారంటే, లోపలి విషయం దాదాపు అలాగే ఉంచి ముందుమాట తిరగరాయించారు. నెహ్రూ, ఇందిర, రాజీవ్ మొదలుపెట్టినదానికే ఇది కొనసాగింపు అన్నట్టు ఉంటుందది. మంత్రులు ఒప్పుకున్నారు. పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉన్నా, జులై 24న సహాయ మంత్రి పి.జె.కురియన్ చేత లోక్‌సభలో పెట్టించారు, అదీ బడ్జెట్‌కి కొన్ని గంటల ముందు. 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదన్న అంత పెద్ద మార్పు పేపర్లలో బడ్జెట్ వార్తల కింద పడిపోయింది. పీవీ మార్కు పని. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నేననను, ఎందుకంటే కాగితం సభలో పెట్టారు, చదువుకోదలచినవాడు చదువుకోవచ్చు.

ఇక ఎరువులు. అదే బడ్జెట్‌లో ధర ఒక్కసారిగా 40 శాతం పెంచారు. యూరియా టన్ను 2,350 నుంచి 3,300 రూపాయలు, అంటే బస్తా నూట పదిహేడున్నర నుంచి నూట అరవై అయిదు. సరిగ్గా నాట్లకి సిద్ధమయ్యే రోజులు. తెనాలి దగ్గర మా పెదనాన్న వాళ్లకి నాలుగెకరాలు. ఆదివారం వెళ్తే అరుగు మీదే పట్టుకున్నారు. "ఏరా, బస్తాకి యాభై రూపాయలు పెంచేశారేంట్రా మీ బ్యాంకులోళ్లు" అని. మా బ్యాంకుకీ దానికీ ఏం సంబంధం అంటే వినలేదు. ఆ ఊరికి నేనే ఢిల్లీ.

ఈ నిర్ణయంలో గుట్టు ఎవరికి ఉపయోగపడింది? ఎరువుల బస్తాలు కొనిపెట్టుకుని దేశాన్ని దివాలా తీయించేవాడు ఎవడూ లేడు. సబ్సిడీ ఎంతవుతోంది, ఎందుకు తగ్గించాలి అన్నది సొంత ఎంపీలకైనా ముందు చెప్పి ఉండాల్సింది. పల్లెల నుంచి గెలిచొచ్చిన కాంగ్రెస్ ఎంపీలు పార్లమెంటరీ పార్టీ సమావేశంలో ఆర్థిక మంత్రిని చీల్చి చెండాడారు. ఆగస్టు మొదటి వారంలోనే వెనక్కి తగ్గి పెంపును 30 శాతానికి దించారు, చిన్న, సన్నకారు రైతులకి అసలు పెంపే వద్దన్నారు. వినడానికి బాగుంది. ఒకే బస్తాకి రెండు ధరలు అమ్మేదెలా? మా పెదనాన్న పాస్‌బుక్ పట్టుకెళ్తే కొట్లో ఆయన "మాకింకా ఆర్డర్లు రాలేదండీ" అన్నాడు. మళ్లీ వెళ్తే పాత ధర సరుకు అయిపోయిందన్నాడు. నాట్లు ఆగవుగా, పెంచిన ధరకే కొన్నారు.

ఏడాది తిరిగేసరికి పద్ధతి మార్చారు. ఎరువుల ధరల మీద సంయుక్త పార్లమెంటరీ సంఘం వేసి, అన్ని పార్టీల వాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ నివేదిక వచ్చాకే 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేశారు, యూరియా ధర మాత్రం 10 శాతం తగ్గించారు. నిర్ణయం జరిగిన తీరు బాగుంది, నిర్ణయమే తేడా కొట్టింది. ఫాస్ఫేటు ఎరువైన డీఏపీ ధర కొండెక్కేసరికి మా వైపు రైతులు అది తగ్గించి, చవగ్గా దొరికే యూరియానే గుమ్మరించడం మొదలుపెట్టారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.