గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను తోటివారితో కలిసి నేర్చుకోవడమే మేలు

జర్మన్ స్వరకర్త బాఖ్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను (ఆరియా అనే ఒక ప్రారంభ గీతం, దాని మీద అల్లిన ముప్ఫై వేరియేషన్లు, అంటే రూపాంతరాలు) ఒంటరిగా సాధన చేయడం మంచిదా, తోటి పియానిస్టులతో పంచుకుని నేర్చుకోవడం మంచిదా అని మీరు అడిగారు. కలిసి నేర్చుకోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. ముప్ఫై వేరియేషన్లను నలుగురు పంచుకుంటే భారం తగ్గుతుందని సాధారణంగా చెబుతారు. ఆ మాట నిజమే కాని, అంతకన్నా పెద్ద లాభం మరొకటి ఉంది. ఈ రచనలోని ఒక్కో గళాన్ని, అంటే ఒకేసారి నడిచే రాగాల్లో ఒక్కోదాన్ని, ఒక్కో మనిషి వాయిస్తూ ఉండగా వినే అవకాశం ఒంటరి సాధనలో ఎన్నటికీ దొరకదు.

మేము నలుగురం రెండు పియానోలు ఉన్న గదిలో కలుసుకుని దీన్ని నేర్చుకున్నాం. మూడో వేరియేషన్ మాలో ఒకామె వంతుకు వచ్చింది. అది కానన్, ముందు గళం ఎత్తుకున్న రాగాన్నే వెనుక గళం ఒక బార్ (స్వరలిపిలో ఒక గడి) గడిచిన తరువాత, ఎత్తులో ఏ మార్పూ లేకుండా, అదే స్వరం నుంచి అందుకుంటుంది. ఆ రెండు గళాలనూ కుడిచేయి ఒక్కటే మోయాలి. ఎడమచేయి కింద బాస్‌ను, అంటే అడుగున ఉండే మంద్ర స్వరాల వరుసను, నడిపిస్తూ ఉంటుంది. ఆమె వాయించినప్పుడు ఒక్క స్వరం కూడా తప్పలేదు, లయ తొణకలేదు. అయినా మా చెవులకు కుడిచేతి నుంచి ఒకే చిక్కటి ధార వినిపించింది తప్ప, వెనుక గళం ఎప్పుడు ప్రవేశించిందో తెలియలేదు.

అప్పుడు మాలో పెద్దాయన రెండో పియానో దగ్గర కూర్చుని, వెనుక గళాన్ని మాత్రమే తాను వాయిస్తానని, ముందు గళాన్ని ఆమెను వాయించమని, బాస్‌ను నన్ను తీసుకోమని చెప్పారు. మొదటి బార్ సాఫీగా గడిచింది. రెండు గళాలూ ఒకే ఎత్తులో తిరుగుతాయి కనుక కొంతసేపు ముందు గళం పైన ఉంటుంది, అంతలోనే వెనుక గళం దాని మీదుగా పైకి వెళుతుంది. అలా దాటే ఒక చోట ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. "పైన ఉన్నది నా స్వరం కదండీ?" అని ఆమె అడిగారు. "అది నాదమ్మా, మీరు ఇప్పుడు నా కింద నడుస్తున్నారు" అని ఆయన అన్నారు. ఆమె పెన్సిల్ తీసుకుని ఆ బార్లో తన గళానికి చెందిన స్వరాలను ఒక్కొక్కటిగా గీతతో కలుపుకుంటూ వెళ్లారు. పైన వినిపించే స్వరమే రాగమనే అలవాటు మన చెవికి ఎంత బలంగా ఉంటుందో ఆ గీతను చూస్తే అర్థమవుతుంది. అది పైకీ కిందికీ వంపులు తిరుగుతూ వెళ్లి, రాగం ఎక్కడెక్కడ లోపలికి దిగిందో చూపింది.

తరువాత వారిద్దరూ గళాలు మార్చుకుని వాయించారు. ఆపైన ఆమె ఒక గళాన్ని వాయిస్తూ మరొకదాన్ని పాడారు. చివరికి రెండింటినీ తిరిగి ఒకే చేతిలోకి తీసుకున్నప్పుడు వాయించే తీరే మారిపోయింది. దీర్ఘ స్వరాలను మధ్యలో వదిలేయకుండా పూర్తి విలువ వరకు పట్టి ఉంచారు, వెనుక గళం ప్రవేశించే ముందు మణికట్టును కొద్దిగా సడలించారు. అందుకోసం వేళ్ల వరుసను కూడా ఆమే మార్చుకున్నారు. ఒక గంటలో జరిగిన ఈ పనిని నెమ్మదిగా వందసార్లు వాయించడం వల్ల సాధించలేమని నేను నమ్ముతాను. "నెమ్మదిగా వాయించు, వేగం దానంతట అదే వస్తుంది" అనే సలహాను అన్నిటికీ ఒకే మందుగా ఇచ్చే గురువుల మీద నాకు అభ్యంతరం ఉన్నది ఇందుకే. వేగం వస్తుంది, గళాల వివేకం మాత్రం వేరు వేరుగా విన్నప్పుడే వస్తుంది.

ఈ రచనలో ప్రతి మూడో వేరియేషన్ కానన్ కావడం వల్ల ఈ పద్ధతికి ఇది ఎంతో అనువైనది. మూడోదానిలో వెనుక గళం అదే స్వరం మీద మొదలవుతుంది, ఆరోది రెండో అంతరం మీద (అంటే పక్క స్వరం నుంచి), తొమ్మిదోది మూడో అంతరం మీద, అలా 27వది తొమ్మిదో అంతరం దాకా వెళుతుంది. 12, 15 వేరియేషన్లలో వెనుక గళం రాగాన్ని తలకిందులు చేసి పాడుతుంది. ముందు గళం ఎక్కిన చోట అది దిగుతుంది. 27వ దానిలో విడిగా బాస్ లేదు, రెండు గళాలే ఉన్నాయి కాబట్టి ఇద్దరు మిత్రులకు అంతకన్నా మంచి పాఠం దొరకదు.

వేరియేషన్లను పంచుకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. జి మైనర్ అనే విషాద ఛాయ గల స్వరశ్రేణిలో ఉన్న 25వ వేరియేషన్‌ను అందరూ కోరుకుంటారు, ట్రిల్‌లతో (రెండు పక్క స్వరాల వేగవంతమైన కంపనాలతో) నిండిన 28వ దాన్ని ఎవరూ కోరుకోరు. ఎవరి భాగం వారు మాత్రమే నేర్చుకుంటే ఎవరికీ రచన చేతికి అందదు. అందుచేత ఎవరి వంతు ఏదైనా, ఆరియాను, దాని 32 బార్ల బాస్‌ను అందరూ నేర్చుకోవాలని నా పట్టుదల. వేరియేషన్లన్నిటినీ కలిపి ఉంచేది పైన ఉన్న అందమైన రాగం కాదు, ఆ బాస్, దాని మీద నిలిచిన హార్మొనీ (కలిసి మోగే స్వరాల పొందిక). జి, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి, సి, డి, జి అనే మొదటి ఎనిమిది స్వరాల మీద బాఖ్ మరో 14 కానన్లను తన సొంత అచ్చు ప్రతి చివర రాసుకున్నాడు. 1970వ దశకంలో వెలుగులోకి వచ్చిన ఆ ప్రతిలోనే ఏడో వేరియేషన్‌కు గిగ అనే చురుకైన నాట్యపు వేగం అని ఆయన చేర్చిన సూచన ఉంది. అది దొరికి ఇంతకాలమైనా ఆ వేరియేషన్‌ను జోలపాటలా సాగదీసి వాయించేవారిని వింటే నాకు బాధ కలుగుతుంది.

జోలపాట అంటే మరొక విషయం గుర్తుకు వస్తోంది. నిద్రపట్టని ఒక ప్రభువు కోసం ఈ రచన పుట్టిందని, దాన్ని గోల్డ్‌బర్గ్ అనే యువకుడు ఆయనకు వాయించి వినిపించేవాడని ఫోర్కెల్ అనే రచయిత 1802లో వెలువరించిన బాఖ్ జీవిత చరిత్రలో చెప్పాడు. 1741లో అచ్చయిన ప్రతి ముఖపత్రం మీద ఏ ప్రభువుకూ అంకితం లేదు. అప్పటికి గోల్డ్‌బర్గ్ వయసు 14 ఏళ్లు. ఈ కథను నమ్మి వచ్చిన విద్యార్థులు ప్రతిదాన్నీ మెత్తగా, మందంగా వాయిస్తారు. 16వ వేరియేషన్ రాజసంగా మొదలయ్యే ఫ్రెంచి ఓవర్చర్, 29వది రెండు చేతులూ మార్చి మార్చి కొట్టే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వర్షం. వీటిలో నిద్రపుచ్చే లక్షణం ఎక్కడుందో నాకు ఎవరూ చూపలేదు.

కలిసి నేర్చుకోవడం వల్ల కలిగే మరొక ప్రయోజనం చేతుల తాకిడికి సంబంధించినది. బాఖ్ దీన్ని రెండు మీటల వరుసలు ఉన్న హార్ప్‌సికార్డ్ (పియానోకు ముందుతరం మీటల వాద్యం) కోసం రాశాడు. 11 వేరియేషన్లకు రెండు వరుసలు కావాలని స్పష్టంగా సూచించాడు. పియానోకు ఉన్నది ఒకే వరుస కనుక ఎడమచేయి నొక్కి ఉంచిన మీటనే కుడిచేయి మళ్లీ కొట్టాల్సి వస్తుంది, ఒక చేయి మరొకదాని మీదుగా దూరవలసి వస్తుంది. ఏ చేయి పైన ఉండాలి, ఏది మీటల లోపలి అంచు దగ్గర ఉండాలి అన్నది కూర్చున్నవారికి కన్నా పక్కన నిలబడి చూసేవారికి బాగా కనిపిస్తుంది. అయితే ఏ స్వరానికి ఏ వేలు వాడాలో మిత్రుడు రాసుకున్న అంకెలను యథాతథంగా మీ ప్రతిలోకి ఎక్కించుకోవద్దు. అరచేతి వెడల్పు మారితే పరిష్కారం కూడా మారుతుంది.

రికార్డింగుల విషయంలో కూడా బృందంగా ఒక నియమం పెట్టుకోవడం మంచిది. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1955లో చేసిన రికార్డింగ్ 38 నిమిషాల పైచిలుకు, 1981 నాటిది 51 నిమిషాలు. రెండూ మహాద్భుతాలే. కాని రిపీట్లు (ఒక భాగాన్ని రెండోసారి వాయించడం) లేని మొదటిదాన్ని ముందు విన్నవారు వాటిని అనవసరమైన భారంగా భావించడం మొదలుపెడతారు. ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించమని బాఖ్ గుర్తులు పెట్టాడు, అవన్నీ పాటిస్తే రచన గంటంబావుకు అటూ ఇటూగా సాగుతుంది. సాధనలో మొదటిసారి ఒక గళాన్ని, రిపీట్‌లో మరొక గళాన్ని ముందుకు తెచ్చి వాయించండి. మిగిలినవారు ఏ గళం వినిపించిందో చెప్పాలి. మీరు ఉద్దేశించినదీ వారు చెప్పినదీ ఒకటి కాకపోతే మళ్లీ వాయించండి.

మీకు ఒక్క మిత్రుడే దొరికినా సరే, ఆరియా బాస్‌ను ఇద్దరూ కంఠస్థం చేసి, మూడో వేరియేషన్‌తో ప్రారంభించండి. రెండు పియానోలు లేకపోతే ఒకరు వాయించండి, మరొకరు వెనుక గళాన్ని పాడండి. ఒకే పియానో మీద ఇద్దరూ ఆ కానన్‌ను వాయించాలని మాత్రం ప్రయత్నించవద్దు, ఎందుకంటే రెండు గళాలకూ కావలసిన మీటలు అవే.