స్పిరిట్ తగిలినా చెదరని పెన్ను ఏది?

మీరు అడిగారు – మేం చెబుతున్నాం

నర్సింగ్ కాలేజీల్లో కొత్త బ్యాచ్‌లు చేరాయి. ఈసారి పేజీ మొత్తం పెన్నుల ప్రశ్నలకే.

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. క్లాసుకీ, వార్డుకీ పనికొచ్చేలా ఒక మంచి పెన్ను కొనిద్దామని ఉంది. ఖరీదైనా ఫర్వాలేదు. ఏది కొనమంటారు? – ఒక తల్లి, తెనాలి

ఖరీదైనది వద్దమ్మా. వార్డులో పెన్నుకి కాళ్లుంటాయి. రౌండ్స్‌లో సంతకానికని ఒకరు తీసుకుంటారు, డిశ్చార్జి కాగితం నింపడానికని పేషెంట్ తాలూకు వాళ్లు అడుగుతారు, సాయంత్రానికి జేబు ఖాళీ. పది రూపాయల స్థాయి బాల్ పెన్నులు ఒకే రకానివి అయిదారు కొనివ్వండి. ఒకటి పోయినా చేతికి అలవాటైన పెన్నే మళ్లీ దొరుకుతుంది.

0.7 సైజు, నొక్కితే మొన బయటికి వచ్చే రకం తీసుకోండి. రెండో చేతిలో థర్మామీటరో, పేషెంట్ మణికట్టో ఉన్నప్పుడు మూత పెన్నుతో పని జరగదు, పైగా మూత పళ్లతో లాగే అలవాటు పడుతుంది. వార్డులో పెన్ను నోటి దగ్గరికి పోకూడదు. పట్టుకునే చోట గాట్లు గాట్లుగా ఉండే రబ్బరు పట్టీ మెత్తగా ఉంటుంది కానీ ఆ సందుల్లో మట్టి పేరుకుంటుంది, తుడిచినా పోదు. నున్నటి బాడీ మేలు. డ్యూటీ దిగేముందు స్పిరిట్ దూదితో క్లిప్ నుంచి కింది దాకా తుడిస్తే చాలు. పెన్ను మీది అచ్చు అక్షరాలు నాలుగు రోజుల్లో చెరిగిపోతాయి, పోనివ్వండి.

0.7 అంటే మొనలో తిరిగే గుండు వ్యాసం, గీత మందం కాదు. కాగితం మీద గీత దాదాపు అందులో సగమే పడుతుంది. 1.0 పెన్ను ఇన్‌టేక్–అవుట్‌పుట్ చార్ట్ (పేషెంట్ ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) గళ్లలో ఇరుకవుతుంది. 0.5 అయితే పలచటి కాగితాన్ని గీరుతుంది.

షాపులో పెన్ను పరీక్షించేటప్పుడు అందరూ సంతకం గీకి చూస్తారు. దానివల్ల తెలిసేదేమీ లేదు. చిన్న సైజులో 8 అంకె వరసగా ఇరవై సార్లు రాయించండి. వంపులు తిరిగేటప్పుడు గుండు అంచున ఇంకు పేరుకుని, కాసేపటికి ముద్దగా కాగితం మీద పడుతుంది. కొన్ని పెన్నులు ఇలా మాటిమాటికీ కక్కుతాయి. క్లాసు నోట్సులో అది మచ్చ మాత్రమే, మందు మోతాదు రాసే చోట అదే దశాంశ బిందువు. 25 మధ్యలో చుక్క పడితే 2.5 అయి కూర్చుంటుంది. ఇరవై ఎనిమిదుల్లో రెండు ముద్దలు కనిపించాయంటే ఆ పెన్ను వద్దు. (0.5కి ముందు సున్నా తప్పక రాయాలనీ, 5 పక్కన .0 పెట్టకూడదనీ, యూనిట్స్ అన్న మాటను ‘యు’ అని కుదించకూడదనీ ట్యూటర్లు పట్టుబట్టేది మోతాదు ఎవరూ తప్పుగా చదవకూడదనే. ఎంత మంచి పెన్నైనా ఆ పని మనకి చేసిపెట్టదు.)

బాల్ పెన్ను ఇంకు నీళ్లకి పోదంటారు. నేను కేస్ షీట్‌లో రాసింది మాత్రం చెయ్యి తగలగానే నీలంగా పులుముకుపోతోంది. నకిలీ రీఫిలా? – జీఎన్‌ఎం రెండో సంవత్సరం, హనుమకొండ

రీఫిల్ తప్పు కాకపోవచ్చు. మీ చేతికున్న హ్యాండ్ రబ్ (చేతుల శుభ్రతకి రుద్దుకునే స్పిరిట్ ద్రవం) చూసుకోండి. బాల్ పెన్ను ఇంకు నూనెలా జిగటగా ఉంటుంది. రంగును బెంజైల్ ఆల్కహాల్, ఫినాక్సీ ఇథనాల్ లాంటి ద్రావకాల్లో కరిగించి చేస్తారు. నీటికి అది లొంగదు, స్పిరిట్‌కి లొంగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారుచేసే హ్యాండ్ రబ్‌లో 80 శాతం ఇథనాల్ గానీ, 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ ఉంటుంది. తడి చేత్తో అక్షరాల మీద చెయ్యి ఆనించడమంటే వాటిని స్పిరిట్‌తో తుడవడమే.

మొదటి మందు ఓపిక. 20 నుంచి 30 సెకన్లు రుద్ది, చెయ్యి పూర్తిగా ఆరాకే పెన్ను పట్టండి. చెయ్యి శుభ్రం కావడానికి కూడా ఆ ఆరే సమయమే కావాలి.

రెండోది, ఇంకు మార్చాలంటే పిగ్మెంట్ రకం జెల్ పెన్ను. యూనీబాల్ సిగ్నో 207 లాంటివి ఈ కోవలోవి. ఇందులో రంగు కరిగి ఉండదు, సన్నటి పొడి రేణువులుగా ఉంటుంది. కాగితం పీచులో దిగి ఆరిపోయాక నీటికీ స్పిరిట్‌కీ దాదాపు కదలదు. అయితే జెల్ అని రాసి ఉన్నవన్నీ పిగ్మెంట్ కావు. చవక జెల్ పెన్నుల్లో చాలావాటిలో నీటిలో కరిగే రంగే ఉంటుంది, చెమట చెయ్యి తగిలినా పాకుతుంది.

ఏది ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీ రికార్డు కాగితమే ఒకటి తీసుకుని ఒక్కో పెన్నుతో మూడేసి గీతలు గీయండి. మొదటి గీతను అయిదు సెకన్లకే వేలితో రుద్దండి, ఆరే వేగం తెలుస్తుంది. పది నిమిషాలు ఆగి రెండో దాని మీద నీటి చుక్క, మూడో దాని మీద హ్యాండ్ రబ్ చుక్క వేసి, అర నిమిషం తర్వాత దూదితో అద్దండి. బాల్ పెన్ను గీత నీటి కింద చెక్కుచెదరదు, హ్యాండ్ రబ్ కింద చుట్టూ ఊదారంగు వలయం కడుతుంది. మామూలు జెల్ నీటికే కారిపోతుంది. రెండింటికీ నిలిచిందే పిగ్మెంట్.

అలాగని అన్నింటికీ జెల్ వాడలేరు. స్టోర్స్ ఇండెంట్ (స్టోర్స్ నుంచి సామాన్లు కోరే కాగితం) లాంటి కార్బన్ కాగితాల మీద జెల్ తేలిగ్గా జారిపోతుంది, కింది ప్రతి పడదు. అక్కడ నొక్కి రాసే బాల్ పెన్నే. జెల్ రీఫిల్ త్వరగా అయిపోతుంది కూడా. మొన కిందుగా ఒక్కసారి గచ్చు మీద పడిందంటే గుండు కూర్చున్న అంచు నొక్కుకుపోయి ఇక రాయదు. జేబులో రెండూ ఉండాలన్నది మా మాట: కేస్ షీట్‌కి పిగ్మెంట్ జెల్, మిగతా అన్నింటికీ బాల్.

నాలుగు రంగుల పెన్ను ఒకటి ఉంటే సరిపోతుందా? – బీఎస్సీ మొదటి సంవత్సరం, కర్నూలు

టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చార్ట్‌కి హాయి. కొన్ని వార్డుల్లో ఉష్ణోగ్రత నీలంతో, నాడి ఎరుపుతో గుర్తిస్తారు, నైట్ డ్యూటీ నోట్స్ ఎర్ర ఇంకుతో రాసే వాడుకా ఉంది. ఊరూరికీ, ఆస్పత్రి ఆస్పత్రికీ ఇది మారుతుంది కాబట్టి మొదటి రోజే ఇన్‌చార్జి సిస్టర్ని అడిగి తెలుసుకోండి. కానీ ఆ పెన్నులోని రీఫిళ్లు అగ్గిపుల్లంత సన్నం, ఇంకు తక్కువ. నీలం ముందే అయిపోతుంది, విడి రీఫిల్ మీ ఊళ్లో దొరుకుతుందో లేదో చూసుకుని కొనండి. మూడు గంటల పరీక్షకి మాత్రం ఆ లావు బాడీ వద్దు, వేళ్లు నొప్పెడతాయి.

వేడికి చెరిగిపోయే ఇంకు పెన్నుతో రాస్తే కొట్టివేతలు ఉండవు కదా, రికార్డు నీట్‌గా కనిపిస్తుంది. వాడొచ్చా? – విజయనగరం

వద్దు. ఫ్రిక్షన్ లాంటి పెన్నుల ఇంకు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే రంగు కోల్పోతుంది. ఎండలో తలుపులు మూసిన కారు డాష్‌బోర్డు మీద ఫైలు వదిలేస్తే తెల్ల కాగితాలు మిగలొచ్చు. అసలు అభ్యంతరం అది కూడా కాదు. కేస్ షీట్ రేపు కోర్టుకి వెళ్లగలిగే కాగితం, అందులో చెరపడానికి వీలున్నదేదీ ఉండకూడదు. వైటనర్ కూడా నిషిద్ధమే. తప్పు పడితే పాత మాట చదవడానికి వీలుగా ఒకే ఒక అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టండి. కొట్టివేత ఉన్న రికార్డు చూసి ఎవరూ తప్పుపట్టరు.

తాతగారి రత్నం పెన్ను నాకిచ్చారు. కాలేజీకి తీసుకెళ్లాలని ఆశ. – రాజమహేంద్రవరం

1932 నుంచి మీ ఊళ్లో తయారవుతున్న పెన్ను, ఆశ పడటంలో వింతేముంది! క్లాసు నోట్సుకీ, ఇంటి దగ్గర అసైన్‌మెంట్లకీ నిక్షేపంగా వాడుకోండి. పాళీకి నొక్కుడు అక్కర్లేదు కాబట్టి పేజీలకు పేజీలు రాసినా వేళ్లు అలిసిపోవు. వార్డుకి మాత్రం తేకండి. మామూలు సిరా నీటికే కారుతుంది, కార్బన్‌కి పనికిరాదు. పైగా చుక్కల గొట్టంతో నేరుగా బాడీలో సిరా పోసే రకమైతే, సిరా మూడో వంతుకి తగ్గాక లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీలోంచి నెడుతుంది, పేజీ మీద బొట్టు పడుతుంది. సగానికి రాగానే నింపేస్తుంటే ఆ బాధ ఉండదు.

ఎడమ చేత్తో రాస్తాను. అరచేతి అంచంతా ఇంకే. – నల్గొండ

జెల్ మానేసి 0.7 బాల్ పెన్ను పట్టండి, ఆరే దాకా ఆగే పని ఉండదు. కాగితం పై అంచు కుడివైపు వాలేలా కాస్త తిప్పి పెట్టుకుంటే చెయ్యి గీత కిందుగా నడుస్తుంది, తడి అక్షరాల మీద పడదు.

తెల్ల యూనిఫాం జేబు అడుగున నీలం మరక. ఎలా పోతుంది? – ఖమ్మం

బాల్ పెన్ను మరకైతే వార్డులో కాగితాన్ని పాడుచేసిన ఆ స్పిరిటే ఇక్కడ ఆదుకుంటుంది. నీళ్లు తగలకముందే మొదలుపెట్టండి. జేబులో, మరక కింద, పాత గుడ్డ మడత పెట్టండి. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి. రుద్దితే రంగు చుట్టూ పాకుతుంది. కింది గుడ్డకి నీలం ఎక్కినప్పుడల్లా మడత మార్చండి, దూది కూడా మార్చండి. రంగు రావడం ఆగాక సబ్బు పెట్టి చల్లటి నీళ్లలో ఉతకండి. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకండి, స్పిరిట్ అంటుకుంటుంది. పిగ్మెంట్ జెల్ మరకైతే స్పిరిట్‌కి పెద్దగా లొంగదు. తడిగా ఉండగానే చన్నీళ్లు, సబ్బు పట్టించాలి, అయినా నీడలాంటి మచ్చ మిగలొచ్చు. ఏ మరకైనా సరే, పూర్తిగా పోయిందని చూసుకున్నాకే ఇస్త్రీ చేయండి.