కతానియా నల్ల ఏనుగు

ప్రశ్న: ఇటలీలోని సిసిలీ దీవిలో, సముద్రతీరాన ఉన్న కతానియా నగరంలో వీపున రాతి స్తంభం మోస్తున్న నల్ల ఏనుగు ఫౌంటెన్ ఫొటో చూశాను. ఇది రోమ్‌లో 17వ శతాబ్దపు శిల్పి బెర్నినీ రూపొందించిన, ఇలాగే స్తంభం మోసే ఏనుగుకు నకలేనా? దీన్ని బరోక్ (17, 18 శతాబ్దాల ఐరోపాలో నాటకీయతకు, ఆడంబరానికి పేరుపడ్డ కళాశైలి) కట్టడమని ఎందుకంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: పోలిక నిజమే గాని, నకలు అనడం సరికాదు. రోమ్‌లో మినర్వా చర్చి ముందున్న ఏనుగును బెర్నినీ రూపకల్పన ప్రకారం 1667లో కొత్తగా పాలరాతితో చెక్కించారు. కతానియా ఏనుగు మాత్రం ఫౌంటెన్ కంటే ఎన్నో వందల ఏళ్లు పాతది. ఎట్నా అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి ఏర్పడిన రాతితో చేసింది కనుకనే దానికా నలుపు. ఆ నలుపు మీద తెల్లటి దంతాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. హెలియొడోరస్ అనే మాంత్రికుడు దానిపై ఊరేగేవాడని స్థానికుల కథ. అందుకే వారు దాన్ని, అతని పేరే వాడుకలో మారగా వచ్చిన ‘లియోత్రు’ అనే పేరుతో ముద్దుగా పిలుచుకుంటారు.

1693 జనవరి 11న వచ్చిన భూకంపం కతానియాను దాదాపు నేలమట్టం చేసింది. ఊరిని తిరిగి కట్టే పనిలో, రోమ్‌లో చదువుకుని వచ్చిన వాస్తుశిల్పి జొవాన్నీ బత్తీస్తా వక్కరీనీ 1730ల్లో ఈ ఫౌంటెన్ నిలబెట్టాడు. పాత ఏనుగును తెల్లని పాలరాతి పీఠంపైకి ఎక్కించి, దాని వీపున ఈజిప్టు తరహా బొమ్మలున్న గ్రానైట్ స్తంభాన్ని నిలిపి, ఆ స్తంభం కొసన నగర రక్షకురాలు సెయింట్ అగతా చిహ్నాలను అమర్చి, పీఠం మీద సిమేతో, అమెనానో నదులకు మనిషి రూపాలిచ్చాడు. నా దృష్టిలో ఇందులోని బరోక్ విడి శిల్పాల్లో కంటే ఈ కూర్పులోనే ఉంది: లావా, గ్రానైట్, పాలరాయి అనే మూడు పొంతన లేని రాళ్లను, మూడు కాలాల నమ్మకాలను ఒకే నిట్టనిలువు దృశ్యంగా పేర్చి చూపరిని నిలబెట్టేయడం! ఈ ఫౌంటెన్ ఉన్న చౌకులోని కేథడ్రల్ (నగర ప్రధాన చర్చి) ముఖభాగం కూడా వక్కరీనీ రూపొందించిందే కనుక, ఏనుగు ఒక రంగస్థలం నడుమ నిలిచినట్టు ఉంటుంది.

అదే చౌకు అంచున, చేపల మార్కెట్ పక్కన, నీరు దుప్పటి పరిచినట్టు జారే తెల్లని ఫౌంటెన్ మరొకటి ఉంది. ఫొటోల్లో రెంటినీ చూసి చాలామంది ఒకే కాలానివి అనుకుంటారు. అది నగరం అడుగున పారే అమెనానో నది పేరిట 1867లో కట్టినది, బరోక్ కాదు.