ఎండలో అంకెలు కనిపించని స్కోర్‌బోర్డు: ముందు ఆ తెల్ల షీటు తీసేయండి

మీ స్కోర్‌బోర్డుకి డబ్ల్యూఎస్2812 స్ట్రిప్పులతో (ఒక్కో ఎల్‌ఈడీ రంగు విడిగా మార్చగల పట్టీలు) పెద్ద అంకెలు కట్టి, ముందు తెల్ల యాక్రిలిక్ షీటు పెట్టానన్నారు. రాత్రి బాగుండి, మధ్యాహ్నం ఏమీ కనబడకపోవడానికి కారణం ఆ షీటేనండి. ఎల్‌ఈడీ వెలుగులో కొంత అది మింగేస్తుంది. పైగా ఎండ పడగానే షీటంతా తెల్లగా మెరుస్తుంది, వెలిగిన గీతకీ వెలగని గీతకీ తేడా ఉండదు.

ఎల్‌ఈడీలు పెంచే ముందు వెనక నేపథ్యాన్ని నల్లగా చేయండి. మెరుపు లేని మ్యాట్ నలుపే వేయాలి. షీటు తీసేసి, వానకి తట్టుకునే స్ట్రిప్పు వాడి, ఎండ నేరుగా పడకుండా ప్రతి వరస పైన చిన్న నల్ల చూరు పెట్టండి. బయట వాడే పీ10 ప్యానెళ్లకు (10 మిల్లీమీటర్ల ఎడంతో ఎల్‌ఈడీలు పేర్చిన రెడీమేడ్ పలకలు) ఆ చూర్లు ఉండేది ఇందుకే. అంకెలకు తెలుపు బదులు ఎరుపు వేసి చూడండి, కరెంటు కూడా తగ్గుతుంది.

ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపులు లాగుతుంది. మీటరుకు 60 ఉంటే 3.6 ఆంపులు. అందుకే 5 వోల్టులు రెండు చివర్లా ఇవ్వండి, లేకపోతే కొస మసకబారుతుంది.

అయినా చాలకపోతే స్ట్రిప్పులు వదిలేసి అవుట్‌డోర్ పీ10 ప్యానెళ్లకు మారడమే మంచిది. రాత్రికి మాత్రం వెలుగు తగ్గించే ఏర్పాటు తప్పకుండా పెట్టండి.