దీపం పెడితే దొరుకుతాం, ఆర్పితే మతి పోతుంది

ఈ నెల గేమింగ్ ప్రశ్నల్లో చాలా వరకు ఒకే ఆట చుట్టూ తిరిగాయి: ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ 2010 సెప్టెంబరులో విడుదల చేసిన సైకలాజికల్ హారర్ ఆట ఇది. పాత్ర మనకు కనిపించదు. దాని కళ్లతోనే మనం చూస్తాం.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అమ్నీషియా సేల్‌లో కనబడింది. ఇంత పాత ఆటకు డబ్బులు పెట్టడం దండగ అంటున్నాడు రూమ్మేట్. అందులో అంత గొప్పేముంది? లోపాలు కూడా దాచకుండా చెప్పండి.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి. ఈ ఆట అడిగేది 2 జీబీ ర్యామ్, డిస్కులో 3 జీబీ చోటు. ఈమధ్య ప్రాసెసర్లతో పాటే వచ్చే గ్రాఫిక్స్ దీనికి సరిపోతాయి. ఎక్కడైనా తడబడితే మొదట షాడోల నాణ్యత తగ్గించండి, రిజల్యూషన్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి. దీనికోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ మెట్లెక్కి కొత్త మెషీను బేరమాడాల్సిన పనిలేదు.

కథ 1839లో, ప్రష్యాలోని బ్రెన్నెన్‌బర్గ్ కోటలో జరుగుతుంది. డేనియల్ అనే యువకుడు నేలమీద పడి ఉన్నవాడు లేస్తాడు. దాదాపు ఏదీ గుర్తుండదు. కాసేపటికి తన దస్తూరీలోనే, తన పేరుకే రాసుకున్న ఉత్తరం దొరుకుతుంది. మరుపు మందు తనే కావాలని తాగాడట, కోట లోపలున్న అలెగ్జాండర్‌ను చంపాలట. చంపమన్నారు కదా అని ఆయుధం వెతక్కండి. ఆట ఆఖరిదాకా కత్తీ లేదు, తుపాకీ లేదు.

అసలు బలమంతా ఒక చిన్న లెక్కలో ఉంది. చీకట్లో నిలబడితే డేనియల్ మతి తగ్గుతుంది. ఆటలో దాని పేరు శానిటీ. లాంతరు వెలిగిస్తే మతి నిలుస్తుంది, కానీ కోటలో తిరిగే రాక్షసుడికి మీరు కనపడతారు. నూనె కూడా తరిగిపోతుంది. పోనీ వాడెక్కడున్నాడో చూద్దామంటే, వాడి వంక చూసినా మతి తగ్గుతుంది! చూడకూడదన్నప్పుడు ఇక మిగిలేది వినడం, ఊహించుకోవడం. ఆ ఊహ గీసినంత ఘోరంగా ఏ ఆర్టిస్టూ గీయలేడు. ఒకటి తగ్గిస్తే మరొకటి పెరిగే ఈ లెక్కను ఇంత పొదుపుగా కుదిర్చిన హారర్ ఆటలు తక్కువ.

రెండో బలం తలుపులు. నవ్వకండి. చాలా ఆటల్లో ఒక బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకుని, చేతిని మీ వైపు లాగాలి, లేదా అవతలికి తోయాలి. అంగుళం మందం తెరిచి సందులోంచి తొంగి చూడొచ్చు. మామూలప్పుడు ఇది ముచ్చటగా ఉంటుంది. వెనకాల అడుగుల చప్పుడు దగ్గరవుతున్నప్పుడు మాత్రం లాగాల్సిన తలుపును తోస్తారు, తోయాల్సినదాన్ని లాగుతారు. అక్కడ కంగారుపడేది డేనియల్ కాదు, మీ చెయ్యి.

ఇక లోపాలు. కథంతా డైరీ కాగితాల్లో ముక్కలుగా దొరుకుతుంది. గుండె దడదడలాడుతున్న చోట నిలబడి పేజీ చదవాలి, ఊపు చల్లారుతుంది. కాగితాల భాష కూడా పాత నాటకం ధోరణిలో సాగదీస్తుంది. రెండో సగంలో రాక్షసుణ్ణి వెలుగులో నిండుగా చూపించేశారు. వేలాడే ఆ దవడ ఒక్కసారి కళ్లారా చూశాక, అంతకుముందు మీరు ఊహించుకున్నదే నయమనిపిస్తుంది. పజిళ్లలో కొన్ని పనిమనిషి పనిలా ఉంటాయి: ఆ గదిలో రసాయనం, ఈ గదిలో గొట్టం ముక్క, తెచ్చి బిగించు. అన్నిటికన్నా పెద్ద లోపం చావు దగ్గరుంది, దాని గురించి కింది జవాబులో.

మొత్తం ఆట సుమారు 8 గంటలు. ముగింపులు మూడు. సేల్ ధరకు కొనేయండి. రూమ్మేట్‌కు చెప్పనవసరం లేదు, మొదటి రాత్రి మీ పక్కనే కూర్చుంటాడు.

ప్రశ్న: మొదటి గంట వణికిపోయాను. రెండు మూడుసార్లు చచ్చేసరికి భయం కాస్తా పోయింది. చచ్చినా ఏమీ కావడం లేదు. అందరూ పొగిడే ఆట ఇదేనా?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇదే. మీరు పట్టుకున్నది నిజమైన లోపం. ఒకేచోట పదేపదే చస్తే ఆటగాడు విసిగిపోతాడు, విసుగు వచ్చిన చోట భయం నిలవదు. అందుకని తయారుచేసినవాళ్లు ఒక సర్దుబాటు చేశారు. చనిపోతే దగ్గర్లోనే మళ్లీ లేస్తారు. చాలా చోట్ల ఆ రాక్షసుడు అక్కడినుంచి మాయమవుతాడు, లేదా వేరేచోట ఉంటాడు. విసుగు తప్పింది కానీ, ‘దొరికితేనే దారి సాఫీ అవుతుంది’ అన్న గుట్టు ఆటగాడికి తెలిసిపోయింది. మతి సున్నాకు పడినా అంతే. డేనియల్ కుప్పకూలి కాసేపు పాకుతాడు, మళ్లీ లేస్తాడు. మూడో గుట్టు సంగీతం. వాడు వెంటపడుతుంటే వాయిద్యాలు మొదలవుతాయి, వదిలేస్తే ఆగుతాయి. అదొక సైరన్‌లా పనిచేస్తుంది, సైరన్ ఆగగానే మీరు నిశ్చింతగా బయటికొస్తారు.

మందు ఆటలోనే ఉంది. 2018లో హార్డ్ మోడ్ చేర్చారు. అందులో ప్రమాద సంగీతం వినపడదు. మతి సున్నా అయితే చావే. నూనె, నిప్పుపెట్టెలు తక్కువ దొరుకుతాయి. రాక్షసులు వేగంగా వస్తారు, త్వరగా కనిపెడతారు, ఎక్కువసేపు తచ్చాడతారు. ఆటోసేవ్ ఉండదు. సేవ్ చేయాలంటే 4 నిప్పుపెట్టెలు సమర్పించుకోవాలి. అంటే నాలుగు దీపాలు వదులుకోవాలా, గంట కష్టాన్ని పణంగా పెట్టాలా అన్నది ప్రతిసారీ తేల్చుకోవాలి. పైన చెప్పిన లోపాలు మూడూ దీంతో చాలావరకు మూసుకుపోతాయి. ఒక్క హెచ్చరిక: డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా, ఈదురుగాలుల సీజన్లో హార్డ్ మోడ్ మొదలుపెట్టొద్దు. కరెంటు పోతే ఆట జాలి చూపదు.

మామూలు మోడ్‌లోనే కొనసాగిస్తానంటే ఒక పద్ధతి: ‘చూద్దాం ఏమవుతుందో’ అని కావాలని చావకండి. ఈ ఆటను గెలవాలని ఆడేవాళ్లకు ఇది త్వరగా చప్పబడుతుంది.

ప్రశ్న: నూనె ఎప్పుడూ అయిపోతోంది. స్క్రీన్ ఊగుతూనే ఉంటోంది. నీళ్లున్న నేలమాళిగలో కనపడనిదేదో వచ్చి చంపేస్తోంది, ఎంతకీ దాటలేకపోతున్నాను.
– మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొదటి రెండిటికీ మూలం ఒకటే, లాంతరును టార్చిలైటులా వాడుతున్నారు. గదిలోకి వెళ్లగానే ఎఫ్ నొక్కి లాంతరు ఆర్పండి. కొద్ది క్షణాలాగితే డేనియల్ కళ్లు చీకటికి అలవాటుపడి దగ్గరి వస్తువులు లీలగా కనిపిస్తాయి. గదిలో ఎక్కువసేపు పని ఉందనుకుంటేనే, అంటే సొరుగులు వెతకాలి, పజిల్ విప్పాలి అంటేనే, మధ్యలో ఉన్న ఒక్క కొవ్వొత్తిని నిప్పుపెట్టెతో వెలిగించండి. దానికి నూనె ఖర్చు లేదు. నాలుగు మూలలా నాలుగు వెలిగించడం వృథా. లాంతరును నడవాలకు, మెట్లకు దాచండి. సొరుగులన్నీ లాగి చూడండి, నూనె సీసాలు అక్కడే దొరుకుతాయి. పీపాలు కనబడితే లాంతరు నింపుకునే కదలండి.

వెలుగులో నిలబడితే మతి జారడం ఆగుతుంది. బాగా కోలుకోవాలంటే మాత్రం ఆటలో ముందుకు సాగాలి, పజిల్ విప్పాలి. అంచేత మతి పోతోందని ఒక దీపం కింద పది నిమిషాలు కూర్చోవడం దండగ. ట్యాబ్ నొక్కితే మెదడు బొమ్మ కనిపిస్తుంది. దాని కింద ‘కాస్త తలనొప్పి’ అన్నంతవరకు కంగారు లేదు.

ఇక ఆ నీళ్లు. అక్కడున్నది కంటికి కనపడదు, నీళ్ల మీద ఛప్ ఛప్ మంటూ చిమ్మే అడుగులే దాని ఆనవాలు. నీళ్లలో మీ కాలు పడితేనే అది మీవైపు వస్తుంది. పెట్టెలు, అల్మరాల మీద ఉన్నంతసేపు భయం లేదు. చాలామంది చచ్చేది ఎక్కడంటే, కంగారులో షిఫ్ట్ పట్టుకుని పరుగు మీద దూకుతారు, పెట్టె దాటి అవతల నీళ్లలో పడతారు. దగ్గరి పెట్టె మీదకు నడిచే దూకండి, దూరం ఉంటేనే పరుగు. పెట్టెలు లేని చోట అక్కడ పడి ఉన్న మాంసం ముక్కను తీసుకుని, మీరు వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా కుడి క్లిక్‌తో విసరండి. చిమ్మే నీళ్లు అటు వెళ్లి ఆగుతాయి, అది తింటున్నట్టు లెక్క. అప్పుడు దిగి పరుగెత్తండి. దాటిన ప్రతి తలుపునూ వెనక్కి తిరిగి మూయండి. అది తలుపు బద్దలు కొట్టడానికి పట్టే ఆ కొన్ని సెకన్లే మీకు దక్కే వ్యవధి. దారిలో చక్రం తిప్పాల్సి వస్తే, ముందు ముక్క విసిరి, ఆ తర్వాతే చక్రం మీద చెయ్యి వేయండి.

ఆర్కైవ్స్, అంటే కోటలోని పాత కాగితాల గదుల కిందున్న ఈ నీళ్ల గదులే మొత్తం ఆటకు తలమానికమని మా అభిప్రాయం. రాక్షసుడి బొమ్మే గీయకుండా, నీటి తుంపరలతో పని జరిపించారు.

ప్రశ్న: ఇలాంటి ఆటలు పావుగంట ఆడితే కడుపులో తిప్పుతోంది. మాత్ర వేసుకోవచ్చా?
– ఉప్పల్

జవాబు: మాత్ర సంగతి డాక్టర్ని అడగండి. సెట్టింగుల సంగతి మేం చెబుతాం. కళ్లు ‘కదులుతున్నాం’ అంటాయి, లోపలి చెవి ‘కూర్చునే ఉన్నాం’ అంటుంది, ఆ తగువే వికారం. ఆటలో మోషన్ బ్లర్ (కదిలినప్పుడు బొమ్మ మసకబారడం), హెడ్ బాబ్ (నడిచినప్పుడు చూపు పైకీ కిందకీ ఊగడం) తీసేసే వీలుంటే తీసేయండి. చూపు వెడల్పు, అంటే ఎఫ్‌ఓవీ, మార్చుకోనిస్తే మానిటర్‌కు దగ్గరగా కూర్చునేవాళ్లు 90కి అటూఇటూ పెట్టుకుని చూడండి. మౌస్ వేగం తగ్గించండి, స్క్రీన్‌కు చేయి చాపినంత దూరం జరగండి. సెకనుకు కనిపించే ఫ్రేములు 60 దగ్గర నిలకడగా లేకపోతే గ్రాఫిక్స్ తగ్గించి నిలబెట్టండి, ఒడుదొడుకులే ఎక్కువ తిప్పుతాయి. అమ్నీషియాలో అదనంగా ఇంకోటుంది. మతి తగ్గినకొద్దీ స్క్రీన్ ఊగుతుంది, సాగుతుంది. అందుకే కడుపు బలహీనమైనవాళ్లు నూనె పిసినారితనం మానాలి. వికారం మొదలైందనిపించగానే ఆపేయండి. ‘ఈ ఒక్క గది అయ్యాక’ అనుకుంటే రాత్రి భోజనం పోయినట్టే.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. స్నేహితులంతా ఆడుతున్నారని అమ్నీషియా అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: ఇవ్వకండమ్మా. అమెరికా రేటింగు ప్రకారం ఇది 17 ఏళ్లు నిండినవాళ్లకు. దెయ్యాల భయం ఒకటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాళ్లం కాదు. రెండో సగంలో చిత్రహింసల గదులున్నాయి. అక్కడి పరికరాల దగ్గరికి వెళ్తే ఒకప్పుడు అక్కడ జరిగింది ఏడుపులు, అరుపులుగా వినిపిస్తుంది. ఆ పనిలో కథానాయకుడికీ భాగముంది. పెద్దవాళ్లకు అది ఆలోచించే విషయం, 13 ఏళ్ల పిల్లాడికి నిద్రపట్టని విషయం. స్నేహితులు ‘ఆడుతున్నారు’ అన్నది కూడా ఒకసారి వాకబు చేయండి, చాలాసార్లు యూట్యూబ్‌లో చూడటాన్నే వాళ్లు ఆడటం అంటారు.

ప్రశ్న: హాస్టల్ గదిలో స్పీకర్లు పెట్టుకోవచ్చా, హెడ్‌ఫోన్స్ తప్పదా?
– అమీర్‌పేట

జవాబు: హెడ్‌ఫోన్సే, అందులోనూ చెవిని పూర్తిగా మూసేవి. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో వినపడతాయి కదా, కోటకు చెవులే కాపలా. ఈ ఆటలోనూ అంతే. అడుగు ఏ గోడ అవతల పడిందో ఎడమ, కుడి తేడాతోనే తెలుస్తుంది. గది సీలింగ్ ఫ్యాను, కింద మెస్సు కుక్కరు కలిస్తే స్పీకర్లలో ఆ తేడా కొట్టుకుపోతుంది. ఇంకోమాట, మొదటిసారి తెరిచినప్పుడు గామా, అంటే తెర వెలుగు, సరిచేసుకోమంటుంది. ఆ పని ట్యూబ్‌లైటు ఆర్పేశాకే చేయండి. లైటు కింద చేస్తే గామా ఎక్కువ పెట్టేస్తారు, రాత్రికి చీకటి కాస్తా బూడిదరంగు తెరలా తేలిపోతుంది.

ప్రశ్న: అమ్నీషియా అయిపోయింది. తర్వాత ఏది?
– బోడుప్పల్

జవాబు: చావు దగ్గరి లోపం మీకూ కొట్టొచ్చినట్టు అనిపించి ఉంటే అదే సంస్థ 2023లో తెచ్చిన ‘అమ్నీషియా: ది బంకర్’. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బంకరు, ఒకే రాక్షసుడు, ఇంధనం అయిపోతే ఆగిపోయే జనరేటరు. వస్తువుల చోట్లు, తాళం అంకెలు ప్రతి ఆటకూ మారతాయి కాబట్టి గుట్టు తెలిసిపోవడం తక్కువ. కథ కావాలంటే ‘సోమా’, 2015. దానికి తర్వాత సేఫ్ మోడ్ చేర్చారు, రాక్షసులు ప్రాణం తీయరు. 2016 నాటి ‘లేయర్స్ ఆఫ్ ఫియర్’లో వెనక్కి తిరిగేసరికి గది మారిపోతుంది. మొదటి గంట అద్భుతం, ఆ తర్వాత అదే కిటుకు మళ్లీ మళ్లీ.

ప్రశ్న: ‘పీ.టీ.’ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? అది ఉన్న పాత పీఎస్4 ఒకటి అమ్మకానికొచ్చింది.
– మెహదీపట్నం

జవాబు: పీఎస్4కు వచ్చిన ఈ చిన్న హారర్ ఆట ప్లేస్టేషన్ స్టోర్‌లో దొరకదు. 2014 ఆగస్టులో ఉచితంగా పెట్టారు, 2015లో తీసేశారు. ఇక ఉన్నదల్లా అప్పట్లో దించుకున్న మెషీన్లలోనే. కొనేముందు మీ కళ్లెదుట ఆట తెరిపించి, మలుపు తిరిగే ఆ నడవాలో రెండు చుట్లు నడిచి చూడండి. మెనూలో బొమ్మ కనపడినంత మాత్రాన నమ్మొద్దు. అది దించిన అకౌంటు మెషీన్లో లేకపోతే ఆట తెరుచుకోకపోవచ్చు, ఆ సంగతి అమ్మేవారితో ముందే తేల్చుకోండి. ఇంటికి తెచ్చాక శుభ్రంగా మొదలుపెడదామని ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం కొట్టకండి.