తెర మీద బాగానే ఉన్న పేజీ కాగితం మీద ఎందుకు తెగిపోతుంది?

వెబ్‌సైట్‌లోని పట్టిక తెర మీద పూర్తిగా కనిపిస్తున్నా, ప్రింట్ తీస్తే కుడివైపు వరుసలు తెగిపోతున్నాయనీ, రంగులూ కొన్ని బొమ్మలూ రావడం లేదనీ, ప్రింటర్ డ్రైవర్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదనీ రాశారు. బ్రౌజర్‌లో ఏం సరిచేయాలన్నది మీ ప్రశ్న. ముందుగా ప్రింటర్ జోలికి ఇక వెళ్లవద్దని నా సలహా. ఆన్‌లైన్ ఫారాలు, పట్టికలు ప్రింట్ తీసి ఫైళ్లలో పెట్టే పని కొన్నేళ్లుగా చూస్తున్నాను. ఇలాంటి ఇబ్బందుల్లో నిజంగా ప్రింటర్ తప్పు ఉన్నవి నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఎదురయ్యాయి.

బ్రౌజర్ తెర మీద ఉన్నదాన్ని ఫొటో తీసినట్టు కాగితానికి పంపించదు. ప్రింట్ అనగానే అదే పేజీని కాగితం వెడల్పుకు తగ్గట్టు మొదటినుంచీ మళ్లీ పేరుస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. వెబ్ లెక్కలో అంగుళానికి 96 పిక్సెళ్లు కాబట్టి అది సుమారు 794 పిక్సెళ్లవుతుంది, మార్జిన్లు పోతే ఇంకా తగ్గుతుంది. 1920 పిక్సెళ్ల తెర మీద విశాలంగా పరుచుకున్న పేజీ అందులో సగం కూడా లేని చోట ఇమడాలి. అందుకే చాలా సైట్లు దాన్ని చిన్న తెరగా భావించి ఫోన్‌లో కనిపించే రూపానికి మారిపోతాయి. అలా మారలేని వెడల్పాటి పట్టికలు అంచు దగ్గర తెగిపోతాయి. ఇక మెనూలు, ప్రకటనలు కాగితం మీద కనిపించకపోవడం తరచుగా లోపమే కాదు. సైట్ తయారుచేసినవారు ప్రింట్ కోసం విడిగా నియమాలు రాసి వాటిని తామే దాచిపెడతారు.

ఈ సంగతి నాకు ఒక హాజరు పట్టిక నేర్పింది. అందులో తొమ్మిది నిలువు వరుసలుండేవి, చివరిది 'మొత్తం'. తెర మీద 26 అని స్పష్టంగా ఉన్న చోట కాగితం మీద 2 మాత్రమే పడేది, దాని పక్కన 6 తాలూకు వంపు సన్నని గీతలా మిగిలేది. నేనూ మీలాగే డ్రైవర్ మార్చాను, కేబుల్ మార్చాను, చివరికి వేరే ప్రింటర్ తెచ్చి పెట్టాను, అక్కడా అదే 2. అసలు జరిగింది ఏమిటంటే, అంతకు కొద్ది రోజుల ముందు ఎవరో అక్షరాలు పెద్దవిగా రావాలని స్కేల్‌ను, అంటే అచ్చు పరిమాణాన్ని, 140 శాతానికి పెంచి ఒక నోటీసు తీసుకున్నారు. క్రోమ్ చివరిసారి వాడిన ప్రింట్ అమరికలను గుర్తుపెట్టుకుంటుంది కనుక, ఆ తర్వాత తీసిన ప్రతి పేజీ 140 స్కేల్‌లోనే వచ్చింది. ఒక్క అంకె మార్చగానే పట్టిక మొత్తం వచ్చేసింది. పోయిన పూట మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి కంట్రోల్, పి నొక్కగానే ప్రింట్ బటన్ కోసం వెతకకుండా, ఎదురుగా ఉన్న ప్రివ్యూను చూడండి. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ 'మోర్ సెట్టింగ్స్' తెరిస్తే అసలైనవన్నీ అక్కడే ఉంటాయి. కాగితం కొలత ఏ4 అని ఉందో, లెటర్ అని ఉందో మొదట చూడాలి. లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, అంటే ఏ4 కంటే కాస్త వెడల్పు, బాగా పొట్టి. ట్రేలో ఏ4 పెట్టి బ్రౌజర్‌లో లెటర్ వదిలేస్తే కుడి అంచు ఇరుకవుతుంది, కింద ఖాళీ మిగులుతుంది. తర్వాత స్కేల్. ఫైర్‌ఫాక్స్‌లో 'ఫిట్ టు పేజ్ విడ్త్' ఎంచుకుంటే చాలావరకు అదే సర్దుకుంటుంది; క్రోమ్‌లో 'డిఫాల్ట్' ఉంచి, పట్టిక వెడల్పైతే కాగితాన్ని అడ్డంగా వాడే ల్యాండ్‌స్కేప్‌కు మార్చి, అప్పటికీ చాలకపోతే 80 వరకు తగ్గించండి. చోటు కలిసొస్తుందని మార్జిన్లను పూర్తిగా తీసేయడం నాకు నచ్చని చిట్కా, ఎందుకంటే చాలా ప్రింటర్లు కాగితం అంచు దాకా అచ్చు వేయలేవు, అక్కడి అక్షరాలు ప్రివ్యూలో కనిపించి కాగితం మీద మాయమవుతాయి.

రంగులు రాకపోవడానికి కారణం వేరు. సిరా ఆదా కోసం బ్రౌజర్లు నేపథ్య రంగులను మామూలుగా అచ్చు వేయవు. క్రోమ్‌లో 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్', ఫైర్‌ఫాక్స్‌లో 'ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్స్' అన్న గడిలో టిక్ పెట్టాలి. కొన్ని సైట్లలో గ్రాఫ్ పట్టీలు బొమ్మలు కావు, కేవలం నేపథ్య రంగు పూసిన గళ్లు. ఈ టిక్ లేకుండా తీస్తే అంకెలు మిగిలి పట్టీలు లేకుండా పోతాయి. బొమ్మలు రాకపోతే మాత్రం, ప్రింట్ ఇచ్చే ముందు పేజీని ఒకసారి నెమ్మదిగా చివరిదాకా జరపండి, ఎందుకంటే చాలా సైట్లు మనం అక్కడికి చేరేదాకా బొమ్మలను తెప్పించవు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా విసిగించినది, పేజీ పైన అతుక్కుని ఉండే పట్టీ. అది ప్రతి కాగితం మీదా మళ్లీ అచ్చయి, కింద ఉన్న రెండు మూడు వాక్యాలను కప్పేస్తుంది. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'ఇన్‌స్పెక్ట్' ఎంచుకుంటే పక్కన కోడ్ తెరుచుకుంటుంది. అందులో ఏ వరుస మీద మౌస్ ఉంచితే పట్టీ మొత్తం మెరుస్తుందో ఆ వరుసను ఎంచుకుని డిలీట్ నొక్కి, ఆ తర్వాత ప్రింట్ ఇవ్వండి. ఏదో పాడవుతుందని భయపడనక్కరలేదు, పేజీని రీలోడ్ చేస్తే పట్టీ తిరిగి వస్తుంది. ఎంత పెద్ద పేజీ అయినా ఒక్క కాగితమే వస్తోందంటే, అసలు విషయం పేజీ లోపల వేరే స్క్రోల్ పెట్టెలో ఉందన్నమాట. ఆ పెట్టె నిజానికి ఫ్రేమ్, అంటే పేజీలో ఇమిడ్చిన మరో పేజీ, అయితే, ఫైర్‌ఫాక్స్‌లో దాని మీద కుడి బటన్ నొక్కి 'దిస్ ఫ్రేమ్' కింద ఉన్న ప్రింట్ ఎంపికను వాడవచ్చు. వట్టి వ్యాసాలకైతే ఇంత శ్రమ అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్‌లోని రీడర్ వ్యూ, ఎడ్జ్‌లోని ఇమ్మర్సివ్ రీడర్ విషయాన్ని మాత్రమే మిగిల్చి శుభ్రంగా అచ్చు వేస్తాయి.

తెర మీదే పేజీ చెదిరి ఉంటే కంట్రోల్, సున్నా నొక్కి జూమ్‌ను మామూలుకు తెచ్చి, అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు పాత క్యాష్‌దో (బ్రౌజర్ దాచిపెట్టుకున్న పాత ప్రతి), ఎక్స్‌టెన్షన్‌దో (బ్రౌజర్‌కు అదనంగా జోడించుకున్న చిన్న ప్రోగ్రామ్) అయి ఉంటుంది. నా అనుభవంలో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్లే ఎక్కువగా దొరికాయి. సైట్‌లోని ప్రింట్ బటన్ నొక్కినా ఏమీ జరగకపోతే, చిరునామా పట్టీ చివర పాప్‌అప్‌ను ఆపినట్టు గుర్తు కనిపిస్తుందేమో చూసి, ఆ సైట్ వరకు అనుమతించండి.

ఇవన్నీ పరీక్షించేటప్పుడు కాగితం వృథా చేయకుండా, ప్రింటర్ పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుని ఫైల్‌లో చూసుకోవచ్చు. విండోస్‌లో కనిపించే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' వేరు, దానితో తీసిన ఫైల్‌లో లింకులు పనిచేయవు. మీ పట్టిక విషయంలో ముందు స్కేల్ గడిలో ఏ అంకె ఉందో చూడండి. ల్యాండ్‌స్కేప్‌లో 80 పెట్టినా చివరి వరుస తెగుతుంటే, పట్టికను ఎంపిక చేసి కాపీ తీసి స్ప్రెడ్‌షీట్‌లో అతికించి, అక్కడి నుంచి ప్రింట్ తీసుకోండి. పదిహేను నిలువు వరుసలు దాటిన పట్టికలను నేను ఇప్పటికీ అలాగే తీస్తున్నాను.