టెక్ సందేహాలు: పామ్‌పైలట్ ఆన్ అయింది, నంబర్లేవి?

ప్రశ్న: నాన్నగారు అమెరికాలో వాడిన పామ్‌పైలట్ ప్రొఫెషనల్ (అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ డైరీ) బీరువాలో దొరికింది. కొత్త సెల్స్ వేస్తే ఆన్ అయింది. అడ్రస్ బుక్ మాత్రం ఖాళీ. నంబర్లు తిరిగి రప్పించవచ్చా? (హనుమకొండ పాఠకురాలు)

జవాబు: అందులోంచి రావండి. 1997 నాటి ఈ మోడల్‌లో మీరు రాసుకున్నదంతా 1 ఎంబీ ర్యామ్‌లో (కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో) ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్, దానితో వచ్చిన అప్లికేషన్లు మాత్రమే కరెంటు పోయినా చెరగని రోమ్‌లో ఉంటాయి. ర్యామ్‌ను నిలబెట్టేది రెండు ట్రిపుల్ ఏ సెల్స్. వాటిని మార్చేటప్పుడు లోపల కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్ ఆదుకునేది దాదాపు ఒక నిమిషమే. సెల్స్ ఏనాడో చచ్చిపోయాయి కాబట్టి యూజర్ పేరుతో సహా అంతా పోయింది. డేటా రికవరీ షాపులకు డబ్బు పోయకండి.

వెతకాల్సింది నాన్నగారి పాత కంప్యూటర్ హార్డ్ డిస్కులో. కంప్యూటర్‌కు కలిపే స్టాండులో (క్రేడిల్) పెట్టి హాట్‌సింక్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక కాపీ అక్కడికి చేరేది. సీ డ్రైవ్‌లో పైలట్ లేదా పామ్ అనే ఫోల్డర్, దానిలో యూజర్ పేరుతో ఇంకోటి, అందులోని అడ్రస్ ఫోల్డర్‌లో అడ్రస్.డ్యాట్ ఫైలు ఉంటుంది. ముందు దాన్ని వేరే చోటికి కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లో (కొత్త కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిపే వర్చువల్ మెషీన్ అయినా సరే) పామ్ డెస్క్‌టాప్ 4.1 వేసి, కొత్త యూజర్‌ను సృష్టించి, ప్రోగ్రాం మూసేయండి. ఆ యూజర్ అడ్రస్ ఫోల్డర్‌లో పాత ఫైలు పెట్టి మళ్లీ తెరిస్తే నంబర్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ చేసుకుని ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు.

పామ్‌లోకి కూడా ఎక్కించాలంటే క్రేడిల్‌కు 9 పిన్నుల సీరియల్ పోర్టు కావాలి. యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ చాలు. హాట్‌సింక్ మేనేజర్‌లోని కస్టమ్ సెట్టింగులో ఆ ఒక్కసారికీ ‘డెస్క్‌టాప్ ఓవర్‌రైట్స్ హ్యాండ్‌హెల్డ్’ ఎంచుకోండి. పొరపాటున దాని కింద ఉన్న ‘హ్యాండ్‌హెల్డ్ ఓవర్‌రైట్స్ డెస్క్‌టాప్’ నొక్కితే ఖాళీ పుస్తకమే కంప్యూటర్ మీదికి ఎక్కుతుంది.

ప్రశ్న: ఒకచోట నొక్కితే ఇంకోచోట తగులుతోంది. అక్షరాలూ సరిగా పడటం లేదు.

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిదానికి ప్రిఫరెన్సెస్‌లో డిజిటైజర్ తెరిచి, చూపించిన గుర్తుల నడిమధ్య స్టైలస్‌తో (తెర మీద రాసే పుల్లతో) నొక్కండి. తెర ఒత్తిడితో పనిచేసే రకం కాబట్టి అంచున, ఫ్రేము కింద దుమ్ము చేరితే అది ఎప్పుడూ వేలు పెట్టినట్టే ఉంటుంది. గట్టి కాగితం అంచును ఆ సందులో నెమ్మదిగా జరిపి దులపండి.

రెండోది గ్రాఫిటీ రాత, అంటే పామ్ కోసం ప్రత్యేకంగా చేసిన అక్షరాల తీరు. మామూలు చేతిరాతను ఇది చదవదు. దాదాపు ప్రతి అక్షరాన్నీ స్టైలస్ ఎత్తకుండా ఒకే గీతలో రాయాలి. ఇంగ్లిష్ ‘ఏ’కి అడ్డగీత ఉండదు, తిరగేసిన ‘వి’ చాలు. ‘టి’ అంటే ఎడమ నుంచి కుడికి గీసి కిందికి దించడం. ‘ఎఫ్’కి కుడి నుంచి ఎడమకు గీసి కిందికి. ఎడమ గడిలో అక్షరాలు, కుడి గడిలో అంకెలు. అంకెల గడిలో అక్షరం రాసేసి పరికరాన్ని తిట్టుకోవడం కొత్తవాళ్లందరూ చేసేదే. చిన్నగా రాయకండి, గడి నిండా రాయండి.

ప్రశ్న: 1996లో వచ్చిన మొదటి పైలట్ 1000లో 128 కేబీనే కదా, అదెలా సరిపోయింది?

జవాబు: చేయదలచుకున్న పని తక్కువ కాబట్టి. తేదీలు, చిరునామాలు, చేయాల్సిన పనులు, నోట్సు: కింద నాలుగు బటన్లు వీటికే. ఆఫ్‌లో ఉన్నా ఒక బటన్ నొక్కితే నేరుగా ఆ అప్లికేషనే తెరుచుకుంటుంది. 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఎదురుచూపు లేదు, ఎందుకంటే ప్రోగ్రాం మెమరీలో ఉన్నచోటే నడుస్తుంది, రికార్డును అక్కడికక్కడే మారుస్తుంది. డిస్కు నుంచి లోడ్ చేయడం, సేవ్ చేయడం అనే తంతే లేదు. దీని రూపకర్త జెఫ్ హాకిన్స్ ముందుగా చెక్కముక్కను జేబులో పెట్టుకుని తిరిగి సైజు తేల్చుకున్నారు. అంతకుముందు 1993లో వచ్చిన యాపిల్ న్యూటన్ అనే చేతి కంప్యూటర్ చేతిరాతనంతా చదవబోయి నవ్వులపాలైంది. ఇది మనిషినే కాస్త మార్చుకోమంది. నా దృష్టిలో సరైన బేరమే.

ప్రశ్న: ఇందులో తెలుగు వస్తుందా? రీఛార్జబుల్ సెల్స్ వేయవచ్చా?

జవాబు: తెలుగు రాదు. అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్ లేదు, గ్రాఫిటీలో మన అక్షరాలూ లేవు. రీఛార్జబుల్ సెల్స్ వేయవచ్చు కానీ అవి 1.2 వోల్టులవి, బ్యాటరీ మీటరు లెక్క 1.5 వోల్టుల ఆల్కలైన్లది. మీటరును నమ్మకుండా, మొదటి హెచ్చరిక రాగానే హాట్‌సింక్ చేసి, నిమిషంలోపు సెల్స్ మార్చండి.